ఒరలోని ఖడ్గము: భావికాలపు పందెపుటాటలలో ప్రతిస్పర్ధి

నాయకుని గొప్పతనము ప్రతినాయకుని గొప్పతనముచేతనే వెల్లడియగునని మన ఆలంకారికులు ఏనాడో గుర్తించిరి. శత్రువుయొక్క వంశమును, శౌర్యమును, విద్యను మొదట కొనియాడి, అట్టివానిని నాయకుడు జయించెనని చెప్పుట మిక్కిలి హృద్యముగా నుండునని దండి కావ్యాదర్శమునందు చెప్పినాడు. ఈ మాట కావ్యములకే గాక కథతో కూడిన ప్రతి వినోదమునకును వర్తించును. గడచిన అర్ధశతాబ్దిలో పుట్టి పెరిగిన వీడియో ఆటలు నేడు విశ్వవిద్యాలయములలో పరిశోధన వస్తువులగుచున్నవి. వానియందలి పాత్రలను గూర్చి ముచ్చటించునప్పుడు 'విలన్' అను ఒక్క పదముతో పని గడుపుకొనుట మనలో వాడుకయైనది. ఆ పదము అన్నిచోట్లను చాలదు. ఎందుకు చాలదో తెలుపుటకు ఒక చిన్నపాత్రను ఇచట పరిశీలింపదలచితిని. జపానుదేశపు నింటెండో సంస్థవారి 'ఎఫ్-జీరో' ఆటలందలి సమురాయ్ గొరో అనువాడే ఆ పాత్ర.

క్రీ.శ. 2560వ సంవత్సరమున, నేలకు కొంచెమెత్తున తేలుచు పరుగిడు యానములతో జరుగు పందెములలో ఇతడు పాల్గొనును. అప్పటికిని ఇతని చేత కటానా అను వంపు కత్తి యుండును. గంటకు నాలుగువందల కిలోమీటర్లకు మించిన వేగముతో యానమును నడుపువానికి కత్తి యెందులకు? దానిని దూయుటకు పందెమున తావు లేదు. దూసినను తగులునంత దగ్గరలో ఎవ్వరును ఉండరు. పనికిరాని ఆయుధమును పాత్రకు విడువని గుర్తుగా చేసిన ఈ కల్పనలోనే ప్రతినాయకునికిని, కేవలము పోటీదారునికిని గల భేదము ఇమిడియున్నదని నా యభిప్రాయము.

మొదట ఆటను గూర్చి కొంత చెప్పవలెను. 'ఎఫ్-జీరో' 1990వ సంవత్సరము నవంబరు 21వ తేదీన, సూపర్ ఫామికామ్ అను గృహక్రీడాయంత్రముతో పాటు, జపానులో వెలువడెను. దీనికి దర్శకుడు షిమిజు కజునోబు, నిర్మాత మియమోతో షిగెరు, చిత్రకారుడు ఇమమురా తకయ. (జపానీయులు కూడ మనవలెనే ఇంటిపేరును ముందు వ్రాయుదురు గావున ఆ క్రమమునే ఇచట పాటించితిని.) ఆ యంత్రమునందు ఒక విశేషముండెను. సమతలమైన ఒక చిత్రపటమును త్రిప్పుటయు, పెంచుటయు, కుదించుటయు యంత్రమే చేయగలదు. ఆ పటమును వరుసవరుసకు వేర్వేరు ప్రమాణములలో చూపినచో, దగ్గర వెడల్పుగను దూరమున సన్నముగను కనబడు బాట భ్రాంతిగా ఏర్పడును. నిజమునకు అచట లోతు లేదు. నేలపై పరచిన ముగ్గువంటి ఒక బొమ్మ మాత్రము కలదు. ఆ భ్రాంతిపైననే ఆట యంతయు నిలిచినది.

ఆటయందు పేరుగల యానములు నాలుగు: కేప్టెన్ ఫాల్కన్ నడుపు బ్లూ ఫాల్కన్, డాక్టర్ స్టూవర్ట్ నడుపు గోల్డెన్ ఫాక్స్, పికో నడుపు వైల్డ్ గూస్, సమురాయ్ గొరో నడుపు ఫైర్ స్టింగ్రే. డేగ, నక్క, అడవిబాతు, తోకయందు విషపు ముల్లుగల చేప అని ఆ పేర్లయర్థము. ఆడువానికి తెరపై కనబడునది యానముయొక్క వెనుకభాగము మాత్రమే. చోదకుని మొగము ఆటలో ఎచటను కానరాదు. వారెవరో, వారి వృత్తి యేమో, ఒకరితో నొకరికి గల వైరమేమో తెలియవలెనన్నచో ఆటతో నిచ్చిన చిన్న పుస్తకమును, అందలి బొమ్మలకథను చూడవలెను. గొరో ఒక దొంగలముఠాకు నాయకుడనియు, నేరస్థులను పట్టియిచ్చి బహుమానము పుచ్చుకొను ఫాల్కన్‌తో అతనికి స్పర్ధ కలదనియు మనకు తెలియునది ఇట్లే.

ఇది అసాధారణమైన ఏర్పాటుగా తోచవచ్చును గాని, మనకు క్రొత్త కాదు. విరాటపర్వమున ఉత్తరుడు కౌరవసేనను చూచి భయపడినపిదప అర్జునుడతనికి ఎదుటి వీరులను ఒక్కొక్కరినిగా ఎరుకపరచు ఘట్టమును జ్ఞప్తికి తెచ్చుకొందము. అంతదూరమునుండి ముఖములు కానరావు. కేతనములు కానవచ్చును. ఏ రథముపై ఏ చిహ్నమున్నదో చూచి, అది ఫలానివాడని చెప్పవలసియుండును. తిక్కన భారతరచనకు పూనుకొన్నది ఆ పర్వముతోనే గావున ఆ సన్నివేశము తెలుగువారికి మిక్కిలి పరిచితము. వేగముగా పోవు వాహనమునందలి మనుష్యుని గుర్తించుటకు ఒక స్థూలమైన చిహ్నము కావలెను. రథమునకు ధ్వజమట్టిదే; ఎఫ్-జీరో యానములకు రంగును జంతునామమును అట్టివే. ఆ పర్వముననే మరియొక విశేషము కలదు. అజ్ఞాతవాసముచేయు పాండవులు తమ ఆయుధములను జమ్మిచెట్టుపై దాచిరి. ఆయుధము చేతలేని కాలమునను వీరుడు వీరుడే యనుట ఆ కథలోని మర్మము. అయితే పాండవులు సమయము రాగానే ఆయుధములను దింపుకొనిరి. గొరో పందెమున ఎన్నడును కత్తి దూయడు.

ఇతని పేరును గూర్చి ఒక మాట. ఆంగ్లలిపిలో దీనిని చివర 'హెచ్' అను అక్షరముతో వ్రాయుదురు. అది పలుకదగిన హకారము కాదు, దీర్ఘమునకు గుర్తు. ఆంగ్లలిపియందు ఒకార ఓకార భేదము తెలుపుటకు సాధనము లేక వారు పడిన పాటు అది. జపానీయోచ్చారణమున మొదటి యక్షరము హ్రస్వము, రెండవది దీర్ఘము. ఎ, ఒ లకు హ్రస్వదీర్ఘభేదమును లిపిలోనే నిలుపుకొన్న తెలుగువారికి 'గొరో' అని వ్రాయుట సులభము. కావున 'గోరోహ్' అని వ్రాయుట తగదు. గొరో అను పేరు జపానులో సామాన్యముగా ఐదవ కుమారుడను నర్థము నిచ్చును. ఆటలో నితని పేరును ధ్వనిలిపిలోనే వ్రాయుదురు గావున ఆ యర్థమును బలవంతముగా అంటగట్టరాదు. అయినను 1998 నాటి ఆటయందు ఇతని యానమునకు 05 అను సంఖ్య యుండుట చూడ ముచ్చటగా నున్నది. ఇక 'సమురాయ్' అను పదము దగ్గర నిలిచి కొలువుచేయుట అను నర్థముగల ధాతువునుండి వచ్చినది. ప్రభువు లేనివాడు, దొంగలకు దొర, తన్ను సమురాయ్ అని చెప్పుకొనుటలో కొంత వ్యంగ్యము లేకపోలేదు.

జపాను చరిత్రలో కత్తి చాలకాలము ఆయుధముగా కంటె చిహ్నముగానే బ్రదికినదని మనము గ్రహింపవలెను. 1588లో తొయొతోమి హిదెయోషి రైతులయొద్దనున్న ఆయుధములను రాజాజ్ఞచే రాబట్టెను. అప్పటినుండి ఆయుధము ధరించుట ఒక తరగతివారి గుర్తుగా మారజొచ్చెను. 1603 మొదలు 1868 వరకు సాగిన తొకుగావా పాలనలో దేశమున చాలకాలము శాంతి నెలకొనెను. యుద్ధములు లేవు, కాని సమురాయ్ అనువాడు నడుమున రెండు కత్తులు ధరించియే వీథిలోనికి వచ్చును. వారిలో అనేకులు లెక్కలు వ్రాయు ఉద్యోగులైరి. ఎన్నడును దూయని కత్తి వారి కులగౌరవమును చాటుచుండెను. 1876లో క్రొత్త ప్రభుత్వము బహిరంగముగా కత్తి ధరించుటను నిషేధించినప్పుడు వారిలో కలిగిన ఆవేదన ఆయుధము పోయినదని కాదు, గుర్తు పోయినదని. ఈ చరిత్రను ఎరిగిన దేశమునందు పుట్టిన కల్పనలో, 2560వ సంవత్సరమునను ఒకడు కత్తితో కనబడుట వింత గాదు. కాలము కాని కాలమున గుర్తును వదలనివాడు అని చూడగనే తెలియును.

గొరో పాత్రకు వాఙ్మయవంశము కూడ కలదు. 16వ శతాబ్ది చివర ఇషికావా గొయెమోన్ అను గజదొంగ యుండెను. 1594లో అతనిని క్యోతో నగరమున కాగుచున్న కటాహమునందు వేసి చంపించిరి. తరువాతి నాటకకర్తలు కబుకి రంగస్థలముపై అతనిని జనప్రియవీరునిగా మార్చిరి. ఈ దొంగదొరను ఆధునికయుగములోనికి తెచ్చినవారు కలరు. 1967లో మంకీ పంచ్ అను కలముపేరుగల చిత్రకథాకారుడు ఆరంభించిన 'లూపిన్ ది థర్డ్' కథలలో గొయెమోన్ వంశజుడొకడు కార్లును తుపాకులును గల లోకమున కత్తి పట్టి తిరుగును. ఆ కత్తితో ఇనుమును కూడ నరకును. చలనచిత్రములలో 1977 నాటి 'స్టార్ వార్స్' అంతరిక్షయానములనడుమ ఖడ్గయుద్ధమును నిలిపినది. దాని కర్త జార్జి లూకాస్ కురొసావా అకిరా 1958లో తీసిన 'ది హిడెన్ ఫోర్‌ట్రెస్' చిత్రమునకు ఋణపడినవాడు. కావున భావికాలమున కత్తి యనునది 1990 నాటికి వాడుకలోనున్న కల్పనయే. గొరోయందలి క్రొత్తదనము వేరొకచోట నున్నది. గొయెమోన్ వంశజుడు కత్తితో కారును నరుకును. లూకాస్ వీరుడు కత్తితోనే పోరును. గొరో మాత్రము తన వైరమును తీర్చుకొను ఏకైక స్థలమైన పందెమున ఆ కత్తిని వాడలేడు.

ఇచట మన లక్షణగ్రంథములు ఎంతవరకు తోడ్పడునో చూతము. దశరూపకమునందు ధనంజయుడు ప్రతినాయకుని లోభిగను, ధీరోద్ధతునిగను, మొండివానిగను, పాపకర్మునిగను, వ్యసనిగను నిర్వచించెను. రామునికి రావణుడు, ధర్మరాజునకు దుర్యోధనుడు ఉదాహరణములు. గొరో దొంగ, కావున లోభియు పాపకర్ముడును. ఓటమిని ఒప్పుకొనడు, కావున మొండివాడు. గుణములు లెక్కించినచో లక్షణము చక్కగా సరిపోయినట్లే కనబడును. కాని గుణములు సరిపోయినంతమాత్రమున పాత్రస్థానము సరిపోవదు. దీనికి రెండు కారణములు చెప్పుదును.

మొదటిది: ప్రతినాయకుడు ఒక్కమారే ఓడును. రావణవధతో కథ తీరును. దుర్యోధనుని తొడలు విరిగినపిదప మరల గదాయుద్ధము లేదు. గొరో నేడు ఓడును, రేపు మరల బారులు తీరిన యానములలో నిలుచును. ఓటమి అతనికి అంతము కాదు. మరుసటి పందెమునకు హేతువు. రెండవది యింకను ముఖ్యము. 1990 నాటి ఆటయందు ఆడువాడు నాలుగు యానములలో దేనినైనను ఎన్నుకొనవచ్చును. ఫైర్ స్టింగ్రేను ఎన్నుకొన్న క్షణమున గొరోయే నాయకుడు, ఫాల్కనే ఎదిరి. పాఠకుడు తలచినంతమాత్రమున రావణుడు నాయకుడగు రామాయణము లేదు. అట్టిది కావలెనన్నచో వేరొక కవి వేరొక కావ్యమును వ్రాయవలెను. ఇచట ఒక మీట నొక్కిన చాలును. ఇట్టి పరస్పరపరివర్తనము గల సంబంధమును శత్రుత్వమనుటకంటె స్పర్ధ యనుట యుక్తము. అందుచే ఇట్టి పాత్రకు 'ప్రతిస్పర్ధి' అను పేరును వాడవలెనని నేను ప్రతిపాదించుచున్నాను. 'పోటీదారు' అనిన చాలదా యని యడుగవచ్చును. పందెమున పరుగిడు ప్రతివాడును పోటీదారే. పేరు లేని యానములును పోటీ చేయును. ప్రతిస్పర్ధియన్నచో మనకు ఎదురుగా నియమితుడైన ఒక్కడు.

మొగము కనబడని ఆటలో ఈ ప్రతిస్పర్ధియొక్క స్వభావమును తెలుపునది యానమే. ఫైర్ స్టింగ్రే గరిష్ఠవేగము గంటకు 478 కిలోమీటర్లు. నాలుగింటిలోను అదియే అధికము. కాని అది వేగము పుంజుకొనుటకు చాలసేపు పట్టును. ఒకమారు గోడకు తగిలి వేగము కోలుపోయినచో మరల కూడదీసుకొనుట కష్టము. దీనిని నడిపినవానికి స్థూలకాయుడును పట్టుదలగలవాడును అగు గొరో స్వభావము పుస్తకము చూడకుండనే కొంత తెలియును: మొదట వెనుకబడును, కుదురుకొన్నపిదప ఆపుట దుస్తరము, పొరపాటును లోకము క్షమింపదు. పాత్రచిత్రణమునకు సంభాషణమే కావలెనను వారు ఈ యానమును ఒకమారు నడిపి చూడవలెను. సంఖ్యలతో చేసిన స్వభావోక్తి యిది.

1998లో వచ్చిన 'ఎఫ్-జీరో ఎక్స్' నందు యానములు ముప్పదియైనవి. ముప్పదియు ఒకే పందెమున పరుగిడును. అందు ప్రక్కవానిని ఢీకొట్టుటకును, గిఱ్ఱున తిరిగి తోసివేయుటకును వీలు కల్పించిరి. ఇతరులనందరిని పడగొట్టుటయే లక్ష్యముగా గల ఒక పందెము కూడ చేర్చిరి. అనగా ఆయుధము ఆటలోనికి ప్రవేశించినది. కాని అది కత్తి కాదు, యానముయొక్క బరువు. బ్లూ ఫాల్కన్ బరువు 1260 కిలోగ్రాములు, ఫైర్ స్టింగ్రే బరువు 1960. ఏడువందల కిలోగ్రాముల యీ తేడాయే గొరో చేతనున్న నిజమైన ఖడ్గము. కటానా అప్పటికిని ఒరలోనే యున్నది.

2003లో సెగా సంస్థకు చెందిన అమ్యూజ్‌మెంట్ విజన్ వారు, నగోషి తోషిహిరో నిర్మాతగా, 'ఎఫ్-జీరో జీఎక్స్' రచించిరి. యంత్రశక్తి పెరిగినది, పాత్రలకు మొగములు, మాటలు, నడకలు వచ్చినవి. పందెము గెలిచినవారిని ఒకడు ప్రశ్నలడుగును, వారు సమాధానమిత్తురు. గొరోకు కుమారుడు కూడ పుట్టెను: దైగొరో యను బాలుడు, సిల్వర్ ర్యాట్ అను యానముపై తానును పందెమునకు వచ్చును. ఈ పేరు వినగానే జపానీయులకు 'లోన్ వుల్ఫ్ అండ్ కబ్' అను చిత్రకథ జ్ఞప్తికి రాకమానదు. కోయికె కజువో రచించి కొజిమా గొసెకి చిత్రించిన ఆ కథ 1970లో మొదలైనది. అందు కత్తిపట్టి దేశముపట్టి తిరుగు తండ్రి బండిలో తీసికొనిపోవు పసివాని పేరు దైగొరో. ఇట్టి చమత్కారములు నవ్వు పుట్టించును గాని, నా దృష్టిలో పాత్రను లోతు చేయజాలవు. 1990లో రెండు మూడు గీతలతో నిలిచిన మూర్తికి ఇచట చీటికి మాటికి వివరములు అతుకువేసినట్లున్నది.

ఒక్క ఘట్టమును మాత్రము మినహాయింపవలెను. ఆ ఆటయందలి కథాభాగమున రెండవ అధ్యాయము గొరోది. పగబట్టిన సమురాయ్ అని దానికి పేరు. అతడు ఫాల్కన్‌ను రెడ్ కాన్యన్ అను ఎఱ్ఱని లోయకు పందెమునకు పిలుచును. ఈ లోయ 1990 నాటి ఆటయందే ఒక బాటగా నుండెను. అప్పుడది పందెములలో నొకటి మాత్రమే. ఇప్పుడది గొరో తావు. పైనుండి బండలు దొర్లుచుండగా ఇద్దరును లోయలో పరుగిడవలెను. ఇచట గమనింపదగిన దేమనగా, దొంగలముఠా యుండి, తన తావుననే శత్రువు చిక్కియుండగా, కత్తి చేత నుండగా, గొరో కోరునది పందెమునే. ఫాల్కన్‌ను చంపుటవలన అతని కేమియు లాభము లేదు. పందెమున గెలిచినగాని తానధికుడని రుజువు కాదు. శత్రువు గెలుపును కోరును. ప్రతిస్పర్ధి న్యాయమైన గెలుపును కోరును, బండలు దొర్లించునంతవరకు మాత్రమే ఆ న్యాయము సాగినను! పైన చేసిన భేదమునకు ఇంతకంటె నిదర్శనము నాకు దొరకలేదు.

ఇక కత్తి నిజముగా దూయబడినచో ఏమగునో తెలియగోరువారు 2008లో వెలువడిన 'సూపర్ స్మాష్ బ్రదర్స్ బ్రాల్' ను చూడవలెను. నింటెండోవారి వేర్వేరు ఆటలలోని పాత్రలు ఒకచోట చేరి తలపడు ఆట యది. ఫాల్కన్ ఆ వరుసలో 1999 నాటి మొదటి ఆటనుండియు ఆడదగిన వీరుడు. గొరోకు ఆ స్థానము దక్కలేదు. ఎవరైన పిలిచినప్పుడు వచ్చి, కొంతసేపు ఎదుటివారిని వెంబడించి కత్తితో నరికి, మాయమగు సహాయకునిగా మాత్రము అతడు కనబడును. 2014, 2018 సంవత్సరముల ఆటలలోను ఇదే స్థితి. పద్దెనిమిదేండ్లు ఒరలోనున్న కత్తి బయటికి వచ్చినది. యానము పోయినది, లోయ పోయినది, ఫాల్కన్‌తో పందెము పోయినది. పిలిచినవానిది ఏ పక్షమో ఆ పక్షమున నరకు కూలిసేవకుడు మిగిలెను. కొలువుచేయువాడను పదార్థము మాత్రము ఇచట అక్షరాల నిజమైనది. కత్తిని వాడిన గొరో అనేక కత్తిగాండ్రలో నొకడు. వాడని గొరో ఒక్కడే.

2004లో జపానున మాత్రము వెలువడిన 'ఎఫ్-జీరో క్లైమాక్స్' తరువాత ఈ వరుస చాలకాలము నిలిచిపోయెను. 2023 సెప్టెంబరులో 'ఎఫ్-జీరో 99' వచ్చినది. ఇది 1990 నాటి రూపమునకు మరలినది: అవే నాలుగు యానములు, వెనుకనుండియే దృశ్యము, మొగములు లేవు. కాని పందెమున పాల్గొనువారు తొంబదితొమ్మండుగురు. వారు వేర్వేరు ఇండ్లనుండి ఏకకాలమున ఆడు మనుష్యులు. ఒకే పందెమున ఫైర్ స్టింగ్రేలు ఇరువదియో ముప్పదియో యుండవచ్చును. అంతటి గుంపులోను ఆట ప్రతివానికి కొందరు ప్రతిస్పర్ధులను ఏరి, వారిని తెరపై గుర్తుపెట్టి చూపును. ఆ గుర్తు క్రింద నడుపుచున్నవాడు దొంగయో దొరయో, అతని చేత నేమున్నదో మనకు తెలియదు. గోడకు తగిలి వెనుకబడిన ఆ యానము మెల్లగా వేగము పుంజుకొని మరల ప్రక్కకు వచ్చుచున్నదని మాత్రము తెలియును.